బ్యాకప్పు కాని రోజు

మా తమ్ముడు చనిపోయాక కూడా మా ల్యాబులో రోజూ మధ్యాహ్నం రెండున్నరకు మాట్లాడేవాడు. ఇదేమీ దయ్యాల కథ కాదు. వాడు కంప్యూటర్లు బాగుచేసేవాడు. అనంతపురంలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లన్నీ వాడు పెట్టినవే. ఆ రోజు వచ్చిన రిపోర్టులన్నిటికీ నకలు తీసి వేరే డిస్కులో దాచడానికి వాడొక స్క్రిప్టు రాశాడు. స్క్రిప్టంటే బ్రహ్మవిద్య ఏం కాదు, కంప్యూటరు వరసగా చెయ్యాల్సిన పనులు రాసిపెట్టిన చీటీ. వేళయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే అది లేచి తన పని తాను చేసుకుంటుంది. ఆ చీటీలో చిట్టచివరి పని, వాడి గొంతును స్పీకరులో వినిపించడం.

"అక్కా, అయిపాయ. ఏం భయం ల్యా. పోయొస్తా."

అంతే. మూడు ముక్కలు.

లోకమంతా ఈ నకళ్లు, అదే బ్యాకప్పులు, రాత్రిపూట తీసుకుంటుంటే మాకు మాత్రం పట్టపగలు. దానికి కారణం మా పెద్దాయన. ల్యాబు ఆయనదే. తరతరాల వ్యాపారస్తుల ఇల్లు. ముందు ఇత్తడి సామాన్ల అంగడి, తర్వాత మందుల షాపు, ఇప్పుడు ఈ ల్యాబు. సరుకు మారినా ఆయన పద్ధతి మారలేదు. రాత్రి తాళం వేసే ముందు కర్పూరం వెలిగించి, దండం పెట్టి, మెయిన్ స్విచ్చి కిందికి లాగితేగానీ మెట్లు దిగడు. కరెంటు ఉంచి ఇంటికి పోతే అంగడి కాలిపోతుందని ఆయన భయం. కంప్యూటరు ఒక్కటి నడవనివ్వమని మా తమ్ముడు గడ్డం పట్టుకుని బతిమాలాడు. "మనుషులు పండుకున్న్యాక దానికేం పనప్పా? దాన్నీ పండుకోనీ," అన్నాడు పెద్దాయన. ఇంక వాడు చేసేదేముంది? ఎండకు ఊరంతా తలుపులేసుకునే వేళ, ల్యాబులో పేషెంట్లు లేని వేళ చూసి రెండున్నరకు పెట్టాడు.

ఆ గొంతు కూడా నా నోటి దురుసు వల్ల వచ్చిందే. స్క్రిప్టు తాను వేసిన ప్రతి అడుగునూ రాసి నాకూ పెద్దాయనకూ మెయిలు పంపేది. చాంతాడంత మెయిలు. నేను చదివిన పాపాన పోలేదు.

"ఏందిరా ఈ చెత్తంతా? నా ప్రాణం తియ్యడానికా?" అని ఒకరోజు ఇంట్లో ఎగిరాను.

"చెత్త కాదక్కా. యాడన్నా తేడా కొడితే అందులో చూసుకోవచ్చు."

"నాకు ఒగ్గ ముక్క అర్థం కాదు. అయిందా, కాలేదా, అదొగటి చెప్పు చాలు."

వాడు పళ్లికిలించాడు. మర్నాడు రెండున్నరకు స్పీకరులో వాడి గొంతు. అన్నం డబ్బా మూత తీస్తున్నదాన్ని అదిరిపడ్డాను. అందరూ ఒకటే నవ్వు. నాకు సిగ్గేసి, ఇంటికి పోయాక బాగా తలంటాను. "కంప్యూటరు పోయొస్తా అనడం ఏందిరా, అది యాడికి పోతాది?" అంటే, "పోతా అంటే నువ్వు ఊరుకుంటావా?" అన్నాడు. మా ఇంట్లో గడప దాటేవాళ్లెవరూ పోతా అనకూడదు. ఆ ముక్కతో నా నోరు మూయించాడు.

వాడు పోయింది ఒక ఉదయం పూట. గుంతకల్లులో ఎవరో డాక్టరు కంప్యూటరు మొరాయించిందంటే బైకు మీద బయల్దేరాడు. పామిడి దాటాక లారీ. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

దినాలన్నీ అయ్యాక పనిలోకి వచ్చాను. వాడి స్క్రిప్టు సంగతి నాకు గుర్తే లేదు. నేను రాని రోజుల్లోనూ అది పలుకుతూనే ఉందట, నాతో చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందరూ తలా ఒక మాట చెప్పి ఓదార్చి, అన్నానికి కూర్చున్నారు. అప్పుడు వినిపించింది. "అక్కా, అయిపాయ." నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను లేచి నమూనాలు దాచే ఫ్రిజ్ పక్కకు పోయి నిలబడి ఏడ్చాను. ఏడ్చి వచ్చి, ఎవరైనా దాన్ని ఆపేస్తారేమోనని కంప్యూటరుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత నా రోజంతా ఆ రెండున్నర కోసమే గడిచేది. ఉదయం బుక్కరాయసముద్రంలో బస్సు ఎక్కినప్పటి నుంచి అదే ధ్యాస. రక్తం తీస్తున్నా, రిపోర్టులు కొడుతున్నా, ఒక కన్ను గడియారం మీదే. ఇంట్లో అమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే చెప్పులు కూడా వేసుకోకుండా ల్యాబుకు వచ్చేస్తుంది. వాడి ఫోటో ముందు కూర్చుని మాట్లాడుకుంటున్న మనిషికి ఇంకో పిచ్చి తగిలించడం ఎందుకనుకున్నాను. నాకు తగులుకున్నది చాలదా.

ఆ గొంతు ఫైలును ఫోనులో వేసుకుంటే సరిపోయేది కదా అని ఎవరైనా అంటారు. వేసుకున్నాను. బస్సులో ఒకసారి నొక్కి చూశాను. వాడి గొంతే, ఆ మాటలే. కానీ నేను నొక్కితే పలికింది. ల్యాబులో అయితే వాడంతట వాడు, తన పని పూర్తిచేసుకుని, తన వేళకు నన్ను పిలిచేవాడు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో చెప్పుకుందామంటే ఎవరికి చెప్పను?

నెల తిరిగాక పెద్దాయన నన్ను పిలిచాడు. ఏదైనా ముఖం మీదే చెప్పే మనిషి, ఆరోజు కళ్లజోడు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమ్మా, ఆ మాట ఆపేయించరాదా?"

"ఏ మాట పెద్దాయనా?" అన్నాను, తెలిసే.

"పోయినోళ్ల గొంతు అంగట్లో ఇనపడకూడదంటాది మా ఇంటామె. దీపం పెట్టుకునే తావు కదా."

"మీ ఇంటామె ఈడికి ఎప్పుడొచ్చిందని?"

ఆయన తిట్టలేదు. "సరే, ఆమె మాట ఇడ్సిపెట్టు. నాకే ముద్ద దిగడం ల్యా మ్మా. ఆ పిల్లోడు ఈడనే, ఈ బల్ల మింద కూసోని నాతో కొట్లాడేటోడు. రోజూ ఆ గొంతు ఇంటాంటే పానం పోతాండాది," అన్నాడు.

ఆయన మీద మండిపోయింది నాకు. ఆయన బాధ అబద్ధం కాదని తెలిసి ఇంకా మండింది. అట్లాగే అన్నాను గానీ చెయ్యలేదు. ఈరోజు రేపు అని నాన్చాను. ఆయనా మళ్లీ అడగలేదు. రెండున్నర అయ్యేసరికి చేతిసంచి తీసుకుని ఎండలో బయటికి పోయి నిలబడేవాడు.

ఇలా ఎంతకాలం నడిచేదో గానీ, మధ్యలో ల్యాబు తనిఖీకి ఒకాయన వచ్చాడు. కంప్యూటర్లన్నీ చూసి స్క్రిప్టు తెరిపించాడు. రిపోర్టులన్నీ ఉండే డేటాబేసు పాస్‌వర్డు అందులో పచ్చిగా, అక్షరాలా కనబడుతోంది. అది చాలదన్నట్టు రోజూ వచ్చే ఆ చాంతాడు మెయిలులో కూడా అదే పాస్‌వర్డు. వేసే ప్రతి అడుగునూ చూపించమని మా వాడు పెట్టాడు కదా, అది బుద్ధిగా తాళంచెవిని కూడా చూపిస్తోంది.

"ఈ మెయిలు ఎవరెవరికి పోతుంది?" అని అడిగాడాయన.

నాకూ పెద్దాయనకూ అన్నాను. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. తీరా చూస్తే ఆయన ఆ మెయిలును రోజూ ఫోటో తీసి, పైన శుభ మధ్యాహ్నం అని రాసి, వాళ్ల బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు. తన ల్యాబు ఎంత ఆధునికమో వాళ్లకు తెలియాలని. బళ్లారి నుంచి బెంగళూరు దాకా ఆయన వియ్యంకులు, తోడల్లుళ్లు అందరి ఫోన్లలోనూ మా ఊరివాళ్ల రక్తం రిపోర్టుల తాళంచెవి ఉంది. మా తమ్ముడు ఉంటే పడీపడీ నవ్వేవాడు.

పాస్‌వర్డు మార్చి దాచాలి, అక్కర్లేని రాతలేవీ బయటికి రాకుండా చెయ్యాలి, మళ్లీ వచ్చేసరికి ఇవి జరిగి ఉండాలి అని చెప్పి వెళ్లాడు. పెద్దాయన నా వైపు చూశాడు. "ఎట్లాగూ చేస్తాండావు కదా, దాంతో పాటు అది గూడా," అన్నాడు. ఏది అని ఈసారి నేను అడగలేదు.

బయటివాళ్లను పిలవనివ్వలేదు. వాడు రాసిందాన్ని ఇంకెవరో కెలకడం నాకు ఇష్టం లేదు. వాడు నాకు నేర్పిన నాలుగు ముక్కలతో నేనే కూర్చున్నాను. డేటాబేసు పాస్‌వర్డు మార్చాను. కొత్తది స్క్రిప్టులో రాయకుండా వేరే చిన్న ఫైలులో పెట్టి, మొదట ఒక చుక్క ఉండే పేరు ఇచ్చాను. అట్లాంటి పేరున్న ఫైలు మామూలుగా చూస్తే కనబడదు. బ్యాకప్పు తీసే ఖాతా తప్ప ఇంకెవరూ దాన్ని తెరవకుండా కట్టడి చేశాను. అందులోని మొదటి వరసను పాస్‌వర్డుగా తీసుకొమ్మని స్క్రిప్టుకు చెప్పాను. అడుగడుగూ చూపించే మాట తీసేశాను. మిగిలిన రాతలన్నిటినీ శూన్యంలోకి మళ్లించాను. కంప్యూటర్లలో అట్లాంటి చోటు ఒకటి ఉంటుంది. అందులో వేసింది మళ్లీ కనబడదు, వినబడదు. ఎండిపోయిన బోరులో రాయి వేసినట్టే అని మా వాడు చెప్పేవాడు. మా దిక్కు బోర్ల సంగతి వేరే చెప్పాలా.

అయితే ఆ బోరు రాతలను మింగుతుంది గానీ గొంతును మింగదు. స్పీకరులో పలికేది పలుకుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఆ వరసకు ముందు ఒక # గుర్తు పెట్టాలి. ఆ గుర్తు ఉన్న వరసను కంప్యూటరు చదవదు, మనుషుల కోసం రాసుకున్నదనుకుని దాటిపోతుంది. ఇదీ వాడు నేర్పిందే. వాడు నేర్పిన గుర్తుతో వాడి నోరు మూశాను. ఆ మీట నొక్కాక, పాడుపని చేశానని అక్కడే తల బాదుకున్నాను.

పెద్దాయన వెనకే నిలబడి ఉన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక కాబోలు, తెర మీదికి వంగి, "ఇది కొత్తదా మ్మా?" అన్నాడు పాస్‌వర్డు ఫైలును చూపించి.

"కొత్తదే."

"మరి శ్రీ రాసినావా?"

ఆ ఇంట్లో కొత్త కాగితం ఏదైనా సరే, పైన శ్రీ పడాల్సిందే. సామాన్ల చీటీ అయినా అంతే. వాదించే ఓపిక నాకు లేదు. # పెడితే కంప్యూటరు ఆ వరసను పట్టించుకోదు కదా అని, పాస్‌వర్డుకు పైన # పెట్టి, పక్కన శ్రీ అని కొట్టాను. ఆయన తృప్తిగా తల ఊపాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం ల్యాబు పాడుబడినట్టుంది. ఈరోజు ఏదీ వినపడదని అందరికీ తెలుసు. ఎవరూ గడియారం వైపు చూడడం లేదు, అందరి ధ్యాసా గడియారం మీదే. పెద్దాయన చాలా రోజుల తర్వాత రెండున్నరకు లోపలే ఉన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి. నేను డబ్బా మూత తీయకుండా కూర్చున్నాను.

స్పీకరు గరగరమంది.

"అక్కా, ఈపొద్దు కాల్యా. భయపడాకు. నువ్వేం ముట్టాకు. నేనొచ్చి చూస్తా."

ఇది వాడు ఎప్పుడూ అనని మాట. నేను ఎప్పుడూ వినని మాట. బ్యాకప్పు కాకపోతే వినిపించడానికి ఇంకొకటి కూడా రికార్డు చేసి, స్క్రిప్టు పిలిచే ఇంకో చిన్న ఫైలులో పెట్టి ఉంచాడు. వాడు ఉన్నప్పుడు బ్యాకప్పు ఒక్కసారీ తప్పలేదు, అందుకే అది ఎప్పుడూ పలకలేదు. చచ్చిపోయిన మనిషి దగ్గర కొత్త మాట ఇంకొకటి మిగిలి ఉంటుందని ఎవరనుకుంటారు?

అది అక్కడితో ఆగలేదు. వాడి మాట అయ్యాక వెనక నుంచి గిన్నెల చప్పుడు. దూరంగా మా అమ్మ. "రేయ్, రారా." కాసేపాగి మళ్లీ, గట్టిగా, "రేయ్!" అప్పుడు వాడు మైకుకు అటు తిరిగి, "వస్తాండా మా," అన్నాడు. టక్కున ఆగిపోయింది.

మొదటిదాన్ని వాడు శుభ్రంగా కత్తిరించి పెట్టాడు, అందులో ఊపిరి చప్పుడు కూడా వినపడదు. దీన్ని కత్తిరించలేదు. ఇది పలికే రోజు రాదని వాడి ధీమా. వాడి పని మీద వాడికి అంత నమ్మకం.

పెద్దాయన ఎప్పుడు లేచాడో, స్పీకరు ముందు నిలబడి ఉన్నాడు. "రా నాయనా," అన్నాడు దానితో. "వచ్చి చూడు రా." కండువా నోట్లో కుక్కుకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు.

ఎందుకు కాలేదో చెప్పే రాత ఏదీ లేదు. అన్నిటినీ నేనే బోరులో పోయించాను మరి. ఆ మళ్లింపు తీసేసి స్క్రిప్టును మళ్లీ నడిపితే, మళ్లీ వాడే, "భయపడాకు." ఈసారి తెర మీద కారణం కూడా పడింది. పాస్‌వర్డు తప్పు. కన్నీళ్లలో అక్షరాలు అలికినట్టున్నా ఫైలు తెరిచి చూశాను. మొదటి వరసలో శ్రీ. # గుర్తు మర్యాద స్క్రిప్టుకే గానీ ఈ ఫైలుకు లేదు. మొదటి వరసను తీసుకొమ్మని చెప్పాను, అది తీసుకుంది. మా పెద్దాయన శ్రీకారాన్ని డేటాబేసుకు పాస్‌వర్డు అని చూపించింది. నవ్వొచ్చింది నాకు. ఏడుస్తూనే నవ్వాను.

ఆ వరస తీసేస్తే అంతా సరవుతుంది. అదే బాధ. సరైతే ఇంక వాడు పలకడు. ఉండనిస్తే రేపు రెండున్నరకు మళ్లీ వస్తాడు, వచ్చి చూస్తా అంటాడు, అమ్మ పిలుస్తుంది, వస్తాండా అంటాడు. కానీ ఆ పాత డిస్కు ఏదో ఒకరోజు చస్తే, ఊరివాళ్ల రిపోర్టులకు దిక్కు లేదు. వాడు ఇన్నాళ్లు ఒక్కరోజు తప్పకుండా కాపాడింది వాడి గొంతు కోసమే నేను పోగొట్టాలా? శ్రీని తీసేశాను. మళ్లీ నడిపాను. బ్యాకప్పు అయింది. స్పీకరు కిక్కురుమనలేదు.

"ఆ రెండోది తీసేయాకు మ్మా," అన్నాడు పెద్దాయన కింద నుంచే. "ఆడనే ఉండనీ."

తీయలేదు. ఆ గొంతు ఇప్పటికీ అక్కడే ఉంది. బ్యాకప్పు తప్పిన రోజే పలుకుతుంది. అది తప్పకుండా చూసుకోవడం ఇప్పుడు నా ఉద్యోగం. వాణ్ని మాట్లాడనివ్వకుండా రోజూ కాపలా కాస్తున్నాను, చక్కగా జీతం తీసుకుని.

ఆ సాయంత్రం ఆ రెండో గొంతును ఫోనులో వేసుకుని, ఇంటికి పోయి అమ్మకు వినిపించాను. చెప్పకూడదనుకున్నదాన్నే, కానీ అందులో ఆమె గొంతు కూడా ఉంది, నేనొక్కదాన్నే ఎలా దాచుకోను? అమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. వాడి మాటలప్పుడు ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తన పిలుపు వచ్చేసరికి బిగుసుకుపోయింది.

"మళ్లీ పెట్టు," అంది. పెట్టాను. "ఆ కడాన ఉండేది." పెట్టాను.

"ఆపొద్దు ఏం చేసింటి నేను?"

"ఏమోమా. నేను ఇంట్లో ల్యాను కదా."

"అన్నమైతే ఒగసారే పిలుస్తా. వచ్చినప్పుడే వస్తాడులే అని. రెండు తూర్లు పిల్సినానంటే రొట్టె చేసింటా. జొన్నరొట్టె. అది సల్లారితే కట్టె." మళ్లీ వింది. "ఇనపడతాండాదా, ఆ చప్పుడు? పెనం దించినట్లుండాది. అప్పుడే కాల్చింటా."

"అయింటాది మా."

"వస్తాండా అంటాడు గానీ రాడు వాడు. ఆ వైర్లు ముందేసుకోని అట్లే కూసుంటాడు." అమ్మ ఫోనును ఒళ్లో పెట్టుకుంది. దాన్ని నిమురుతోంది. "వేడిది తిన్నాడో ల్యాదో అడుగు," అంది.

ఎవర్ని అడగమంటావని నేను అనలేదు. ఆమెకూ అప్పుడే తట్టినట్టుంది, ముఖం నా వైపు తిప్పింది. ఇన్ని నెలల్లో శవం దగ్గర కూడా అంత గట్టిగా ఏడవని మా అమ్మ, ఆ రొట్టె కోసం వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది.